ఏడు స్తంభాల ఇంటి ఇల్లాలు

బైబిల్‌లోని సామెతల గ్రంథం తొమ్మిదో అధ్యాయంలో ఒక ఇల్లాలు కనిపిస్తుంది. ఏడు స్తంభాల ఇల్లు కట్టుకుంది. మాంసం వండి, ద్రాక్షారసం కలిపి, బల్ల సిద్ధం చేసింది. పనికత్తెలను పంపి, తెలివి లేనివాళ్లను సైతం భోజనానికి పిలిపించింది. ఆమె పేరు జ్ఞానం. అంతకు ముందరి అధ్యాయంలో, సృష్టి వేళ దేవుడి పక్కనే ఉన్నానంటుంది. హీబ్రూలో 'హోఖ్మా', గ్రీకులో 'సోఫియా' స్త్రీలింగ పదాలే. మన తెలుగులో 'వచ్చింది' అంటే ఆడమనిషైనా కావచ్చు, వస్తువైనా కావచ్చు. అందుకే ఆ తల్లిని గమనించకుండానే దాటిపోతాం.

అపొస్తలుడు పౌలు క్రీస్తునే దేవుని జ్ఞానం అన్నాడు. ఇంగ్లండులో నార్విచ్ జూలియన్ అనే భక్తురాలు, 1373లో తనకు కలిగిన దర్శనాల గురించి రాస్తూ, యేసును తల్లి అని పిలిచింది. బిడ్డకు పాలిచ్చినట్టు ఆయన తననే ఆహారంగా ఇస్తాడంది.

ఈ రాత్రి సామెతలు 8, 9 అధ్యాయాలు ఒకసారి బిగ్గరగా చదవండి.