సైకిలు తొక్కినచో శాంతి వచ్చునా?

(రామతీర్థము గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



ఈ రజతోత్సవ సందర్భమున ఇచ్చటి యువకులు సైకిళ్లపై ఊరూర తిరిగి శాంతిని గూర్చి చెప్పుచు, బీదరోగుల సహాయార్థము విరాళములు పోగుచేయ తలపెట్టినారనియు, దానినిగూర్చి నాలుగు మాటలు చెప్పవలెననియు కార్యదర్శిగారు నన్ను కోరినారు. సంగతి విని కొందరు పెద్దలు నవ్వినారని కూడ వారే చెప్పినారు. సైకిలు తొక్కినంతమాత్రమున శాంతి వచ్చునా యని వారి ప్రశ్న. ప్రశ్న న్యాయమైనదే. దానికి జవాబు చెప్పక, పిల్లలను పొగడి కూర్చుండుట నాకిష్టము లేదు.

ఇట్టి యాత్ర మన దేశములో జరిగియున్నది. 1984లో ఇందిరాగాంధీగారి హత్య, దానివెంట ఢిల్లీలో సిక్కులపై జరిగిన ఘోరములు, పంజాబులోని కల్లోలము చూచి కలతచెందిన బాబా ఆమ్టేగారు 1985 డిసెంబరులో కన్యాకుమారినుండి కాశ్మీరమునకు 'భారత్ జోడో' యాత్ర బయలుదేరదీసినారు. ఆ నెలలోనే వారికి డెబ్బదియొక్క యేండ్లు నిండినవి. వెన్నెముక వ్యాధిచేత వారు కూర్చుండలేరు. నిలువవలెను, లేదా పరుండవలెను. వారు వాహనములో పరుండి సాగగా, నూటికి పైబడిన యువతీయువకులు సైకిళ్లపై దేశము నిలువునా దాటినారు. 1988లో అరుణాచలప్రదేశమునుండి గుజరాతులోని ఓఖావరకు మరియొక యాత్ర సాగించినారు.

ఈ పని వారికే యేల తోచినది? మహారాష్ట్రలో వరోరావద్ద ఆనందవనము స్థాపించి, కుష్ఠురోగులతో జీవితము గడపినవారు గనుక అని నా ఊహ. మన సాలూరులో కూడ కుష్ఠురోగుల వైద్యశాల యున్నది. ఆ రోగికి వ్యాధికంటె ఇరుగుపొరుగుల జంకు ఎంత బాధాకరమో ఈ ప్రాంతమువారికి నేను చెప్పనక్కరలేదు. రోగి చేయి తాకుటకు జంకు మనస్సే పరమతమువాని ఇంట మంచినీళ్లు పుచ్చుకొనుటకును జంకును.

మరి ఆ యాత్రతో పంజాబు చల్లబడెనా? లేదు. పిమ్మట కూడ అనేక సంవత్సరములు అచ్చట రక్తము చిందినది. ఈ మాట దాచి యాత్రను కీర్తించుట మోసమగును. కావున సైకిలు యాత్ర శాంతిని తెచ్చునని నేననను. అది చేయగల పని మరియొకటి యున్నది. బస్సులో పోవువాడు ఊరిని దాటిపోవును. సైకిలుమీద పోవువానికి దప్పిక యగును, గొలుసు ఊడును, ఎదురుగాలి తగులును. అతడు దిగక తప్పదు; ఎవరినో ఒకరిని పలుకరింపక తప్పదు.

నేనెరిగిన సంగతి చెప్పెదను. మా ఊరిలో రెండు కక్షలుండెడివి. ఒకరు కూర్చున్న బల్లపై మరియొకరు కూర్చుండరైరి. చివరకు పఠనమందిరమునకు తాళము పడి రెండేండ్లు గడచినది. లోపల పుస్తకములకు చెదలు పట్టినవి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినది. చెట్లు కూలి దారులు మూసికొనిపోయినవి, విద్యుత్తు పోయినది. బండ్లు కదలవు. కాని సైకిలును భుజముపై కెత్తుకొని చెట్టు దాటవచ్చును గదా! ఒక కక్షలోని కుర్రవాడు ఇవతల నిలిచి అందీయగా, రెండవ కక్షవాడు అవతల నిలిచి అందుకొనినాడు. పాలపొడి, కొవ్వొత్తులు, మందులు ఆ విధముగా చేరినవి. తరువాత ఆ కుర్రవాండ్రే వచ్చి తాళము తీయించినారు. పెద్దలలో ఒకరు మాత్రము నేటికిని ఆ గడప త్రొక్కలేదు. వారిని నేను తప్పుపట్టను; వారి మనస్సునకు తగిలిన గాయము పెద్దది.

ఇక మీ ఊరి మాట. బోడికొండపై శ్రీరాముడు, గురుభక్తులకొండపై బౌద్ధుల చైత్యవిహారములు, దుర్గకొండ గుహలో జైనతీర్థంకరులు! తూర్పుచాళుక్య విమలాదిత్యుని కాలపు శాసనము ఒకటి ఇచ్చటి జైనగురువును పేర్కొనుచున్నది. చూపుమేరలో మూడు మతములవారు కొండలు పంచుకొనిన ఊరు మన జిల్లాలో మరియొకటి నేనెరుగను. అట్టి ఊరికే 2020 డిసెంబరులో కష్టము వచ్చినది. కొండపై కోదండరాముని విగ్రహమును దుండగులు ధ్వంసము చేసినప్పుడు మీరు పడిన బాధను బయటివాడనగు నేను వర్ణింపజాలను. అప్పుడిచ్చటికి వచ్చిన జనములో ఓదార్చవచ్చినవారెందరో, కలహమునకై వచ్చినవారెందరో మీకే తెలియును. 2022లో ఆలయము తిరిగి వెలసినది. ఈ పిల్లలు శాంతి యను మాటను ఊరక పలుకుటలేదని నేననుకొనుటకు కారణమిదే.

వారికి రెండు మనవులు. మొదటిది, ఆడపిల్లలను విడిచి బయలుదేరవద్దు. 1990 ప్రాంతమున పుదుక్కోట జిల్లాలో అక్షరాస్యతోద్యమము సాగినప్పుడు వేలకొలది స్త్రీలు సైకిలు నేర్చినారు. చదువు వారి వెంటనే పల్లెలకు నడచినది. రెండవది, వచ్చిన ప్రతి రూపాయికి లెక్క వ్రాసి ఈ గ్రంథాలయపు గోడపై అంటింపుడు. ఇచ్చినవాని పేరు, ఇచ్చిన సొమ్ము, ఏ రోగికి ఎంత చేరినది, అన్నియు ఉండవలెను. దానధర్మములలో లెక్క తప్పినచో పాతకక్షలకు క్రొత్తకక్ష తోడగును.

నెల్లిమర్ల మీదుగ విజయనగరమునకు దారి దూరము కాదు. తొందరపడనక్కరలేదు. చంపావతి ఒడ్డున దిగి కొంతసేపు కూర్చుండుడు.

నేను పెద్ద విరాళమీయగలవాడను కాను. గాలి కొట్టు పంపు ఒకటి, పంక్చరు అంటించు సామగ్రి ఒక పెట్టె తెచ్చినాను. వీనిని గ్రంథాలయమువారికి అప్పగించుచున్నాను. యాత్ర ముగిసిన పిదప కూడ, అవసరమైనవారు పుస్తకమువలెనే చిట్టాలో సంతకము చేసి తీసికొనిపోవచ్చును.