మైదానంలోనూ వంటింటి పనేనా?

(మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

స్వచ్ఛంద సేవ గురించి మాట్లాడమని నన్ను అడిగారు. మనమంతా ఏదో ఒక రూపంలో చేస్తున్నదే కదా, కొత్తగా చెప్పడానికేముందని మొదట అనుకున్నాను. అయితే కొన్నేళ్ల క్రితం కాలిఫోర్నియాలో మా చెల్లెలి ఇంట్లో మూడు నెలలు ఉన్నప్పుడు చూసిన సంగతి ఒకటి నన్ను వదలడం లేదు. దాంతోనే మొదలుపెడతాను.

మా చెల్లెలి కూతురు అప్పటికి పదేళ్ల పిల్ల. సాఫ్ట్‌బాల్ ఆడేది. అమెరికాలో ఊరూరా పిల్లల బేస్‌బాల్, సాఫ్ట్‌బాల్ లీగులుంటాయి. స్థలం చాలాచోట్ల ఊరి పాలకసంఘానిదో, బడిదో. నడిపేది మాత్రం జీతం తీసుకోని తల్లిదండ్రులు. ఆటలు మొదలయ్యే ముందు ఒక శనివారం అందరూ వచ్చి గడ్డి కోసి, మట్టి చదును చేసి, కంచెకు రంగులేస్తారు. మన మాటల్లో శ్రమదానం. చూస్తే ముచ్చటేసింది.

పేర్లు రాసుకునే బల్ల దగ్గర మా మరిదిని, "కోచ్‌కి సాయంగా ఉంటారా?" అని అడిగారు. అతను జన్మలో ఆ బ్యాటు పట్టినవాడు కాదు. మా చెల్లెలు యూనివర్సిటీ జట్టులో బాల్ బ్యాడ్మింటన్ ఆడిన మనిషి. ఆమెను "టీమ్ మామ్"గా ఉండమన్నారు. అంటే అందరికీ ఫోన్లు చేయాలి. ఆట అయ్యాక పిల్లలకు ఎవరేం తినడానికి తేవాలో జాబితా వేయాలి. చందాలు పోగుచేసి కోచ్‌కి బహుమతి కొనాలి. ఆ రాత్రి గిన్నెలు కడుగుతూ, "నేనూ ఆడినదాన్నే కదక్కా, నన్నెవరూ అడగలేదేం?" అంది.

ఇది ఒక్క ఊరి కథ కాదు. మైఖేల్ మెస్నర్ అనే సామాజిక శాస్త్రవేత్త దక్షిణ కాలిఫోర్నియా పిల్లల లీగుల మీద చేసిన పరిశోధన 2009లో వెలువడింది. ఆయన పరిశీలించిన జట్లలో ముఖ్య కోచ్‌లుగా ఉన్న ఆడవాళ్లు సాకర్‌లో నూటికి సుమారు 13 మంది, బేస్‌బాల్, సాఫ్ట్‌బాల్‌లో సుమారు 6 మంది. ఫలానా పని ఆడవాళ్లదని ఎవరూ నియమం పెట్టలేదు. ఇంట్లో ఉన్న పని విభజనే మైదానానికీ నడిచి వచ్చింది.

ఇక సౌకర్యాల సంగతి. మా చెల్లెలి ఊళ్లో అబ్బాయిల మైదానానికి దీపాలున్నాయి. స్కోరుబోర్డుంది. కూర్చునే చోటికి కప్పుంది. అమ్మాయిల మైదానం దగ్గర మరుగుదొడ్డి కూడా లేదు. ఆటకు ముందు నీళ్లు తక్కువ తాగమని తల్లులే పిల్లలకు చెప్పేవారు. మన బళ్లలో మరుగుదొడ్లు లేక నీళ్లు మానేసే ఆడపిల్లలు నాకు గుర్తొచ్చారు. ఎందుకిలా అని అడిగితే లీగు పెద్ద ఒకాయన మర్యాదగానే జవాబిచ్చాడు: "ఆ దీపాలు అబ్బాయిల తండ్రులు చందాలు వేసుకుని పెట్టించినవి. మీరూ పూనుకోండి, ఎవరు వద్దన్నారు?"

ఈ మాట వినడానికి న్యాయంగానే ఉంటుంది. ఇక్కడే మనం ఆగి చరిత్ర చూడాలి.

లిటిల్ లీగ్ 1939లో పెన్సిల్వేనియాలోని విలియమ్స్‌పోర్ట్‌లో అబ్బాయిల కోసం మొదలైంది. 1950లో కాథ్రిన్ జాన్‌స్టన్ అనే పిల్ల అబ్బాయి వేషంలో వెళ్లి ఆడింది. 1951 నుంచి ఆడపిల్లలు ఆడకూడదని నిబంధన పెట్టారు. 1972లో న్యూజెర్సీలోని హోబోకెన్‌లో మరియా పేపే మూడు ఆటలాడాక ఆమెను తప్పించారు. జాతీయ మహిళా సంస్థ ఆమె తరఫున ఫిర్యాదు చేసింది. 1973లో తీర్పు అమ్మాయిలకు అనుకూలంగా వచ్చింది, 1974లో న్యాయస్థానం దాన్ని బలపరిచింది. లిటిల్ లీగ్ సాఫ్ట్‌బాల్ మొదలైంది ఆ ఏడాదే. అంటే అబ్బాయిల మైదానాల వెనక అప్పటికే 35 ఏళ్ల చందాలూ, 35 ఏళ్ల శ్రమదానమూ ఉన్నాయి. ఇన్నేళ్లూ గేటు బయట నిలబెట్టి, ఇప్పుడు "మీరూ కట్టుకోండి" అనడం సమానత్వం ఎలా అవుతుంది?

1997లో ఫ్లోరిడాలో ఒక ఫెడరల్ న్యాయస్థానం ముందుకు సరిగ్గా ఈ ప్రశ్నే వచ్చింది. ఒక హైస్కూల్లో అబ్బాయిల బేస్‌బాల్‌కున్న సౌకర్యాలు అమ్మాయిల సాఫ్ట్‌బాల్‌కు లేవు. అవి తల్లిదండ్రుల సంఘం డబ్బుతో వచ్చాయని పాఠశాల బోర్డు వాదించింది. డబ్బు ఎవరిదైనా సమానంగా చూసే బాధ్యత బోర్డుదేనని కోర్టు చెప్పింది. అప్పుడు బోర్డు తెచ్చిన పథకంలో అబ్బాయిల సౌకర్యాలను వాడకుండా ఆపేయడమూ ఉంది! కోర్టుకు అది నచ్చలేదు.

బడులకు వర్తించే 1972 నాటి టైటిల్ నైన్ చట్టం ఊరి పార్కులకు నేరుగా అందలేదు. లాస్ ఏంజెలెస్‌లో సొంత మైదానమంటూ లేక తిరిగిన అమ్మాయిల సాఫ్ట్‌బాల్ లీగు తరఫున 1998లో నగరంపై దావా పడింది. 1999లో రాజీ కుదిరింది. ఆ స్ఫూర్తితో కాలిఫోర్నియా 2004లో చట్టం చేసింది. ఊరి పిల్లల ఆటల్లో, పార్కుల కేటాయింపులో ఆడ, మగ వివక్ష కూడదంది. 2005 నుంచి అది అమల్లో ఉంది. మా చెల్లెలికి గానీ, లీగులోని మిగతా తల్లులకు గానీ ఆ సంగతి తెలియదు. తెలిశాక నలుగురూ కలిసి నగర మండలికి వెళ్లారు.

స్నేహితులారా, సేవ చేయవద్దని నేననడం లేదు. సేవ హక్కును పుట్టిస్తుంది. కంటికి కనిపించే పని చేసినవాడు "ఇది మేం కట్టింది" అంటాడు. నారింజపళ్లు కోసి పెట్టిన ఆమె పని సాయంత్రానికి కనబడదు, అందువల్ల ఆమెకు మాటా ఉండదు. 1997లో మన రాష్ట్రంలో జన్మభూమి మొదలయ్యాక శ్రమదానం మనమూ చూశాం. అందుకని శ్రమదానం పిలుపు ఎక్కడ విన్నా మూడు ప్రశ్నలు వేయండి. ఎవరు ఏ పని చేస్తున్నారు? డబ్బు ఎక్కడ ఖర్చుపెట్టాలో ఎవరు నిర్ణయిస్తున్నారు? ప్రభుత్వం చేయవలసిన పని మన ఉచిత శ్రమ చాటున తప్పించుకుంటోందా?

మరుసటి ఏడు పేర్లు రాసుకునే బల్ల దగ్గర మా చెల్లెలు ఎవరూ అడగకుండానే కోచ్‌ల వరుసలో తన పేరు రాసింది. అమ్మాయిల మైదానం పక్కన మరుగుదొడ్డి వచ్చింది. దీపాలు ఇంకా రాలేదు. వాటి కోసం ఆ తల్లులు చందాలు ఎత్తడం లేదు, అర్జీలు పెడుతున్నారు.