డిచ్‌పల్లి చేతులు

(ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠము)



క్రైస్తవ విశ్వాసము అనగానే సాధారణముగా స్ఫురించేవి ఆదివారపు ఆరాధన, చర్చి గంట, క్రిస్మస్ నక్షత్రము. ఇవి కంటికి కనబడేవి, చెవికి వినబడేవి. కాని ఆ మత గ్రంథమును కొంత ఓపికతో చదివినవారికి మరొక సంగతి గోచరిస్తుంది. అందులోని మహనీయులలో పలువురు చేతిపనివారు. యేసును ఆయన స్వగ్రామస్థులు వడ్లవాడుగానే ఎరుగుదురు. పౌలు కొరింథు పట్టణములో అకుల, ప్రిస్కిల్ల అను దంపతుల ఇంట బస చేసి, వారితో కలసి డేరాలు కుట్టి బ్రతికాడు. యొప్పే పట్టణములో దొర్కా అను స్త్రీ విధవరాండ్రకు అంగీలు, వస్త్రములు కుట్టి ఇచ్చేది. ఆమె మరణించినప్పుడు ఆ విధవరాండ్రు పేతురు చుట్టూ నిలిచి, ఆమె కుట్టిన బట్టలను చూపి ఏడ్చారని అపొస్తలుల కార్యములలో కలదు. ఆమె చేసిన బోధ ఒక్కటైనా ఆ గ్రంథములో లేదు. ఆమె కుట్టిన బట్టలే ఉన్నాయి. పోగు తెగితే ముడి వేసి, పోగు మీదనే బ్రతుకు సాగించే కామత్‌ఘర్ వాసులకు ఈ దొర్కా కథను విప్పి చెప్పనక్కరలేదు.

అయితే యొప్పే దూరము, కొరింథు మరీ దూరము. తెలుగు నేల మీద, అందులోనూ ఈ సభలో కూర్చున్న అనేకుల సొంత జిల్లాలకు చేరువలో, విశ్వాసము ఇలాగే చేతిపనిగా మారిన ఒక చోటు ఉన్నది. అదే డిచ్‌పల్లి.

భివండీలో సాంచెలు నడిపే తెలుగు కుటుంబములలో అనేకము నిజామాబాద్, కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతముల నుండి వచ్చినవే. కల్యాణ్‌లో దేవగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి పెండ్లిళ్లకు, పండుగలకు ఊరికి పోయేవారు నిజామాబాద్ దాటిన కొద్దిసేపటికి డిచ్‌పల్లి మీదుగా సాగుతారు. డిచ్‌పల్లి అనగానే పెద్దవారికి గుట్ట మీది రాతి రామాలయము గుర్తుకు వస్తుంది. చదువుకునే పిల్లలకు 2006లో ఏర్పడిన తెలంగాణ విశ్వవిద్యాలయము తెలుసు. కాని ఒకప్పుడు దూరదేశముల వైద్యులకు సైతము ఆ ఊరి పేరు తెలిసినది మరొక కారణము చేత. అక్కడ పెద్దరోగమునకు, అనగా కుష్ఠువ్యాధికి, చికిత్స జరిగేది.

ఇసబెల్ గన్ అను స్కాట్లండ్ వనిత 1875లో ఒక రైతు ఇంట జన్మించింది. ఆడపిల్లలు వైద్యవిద్య చదవడమే అరుదైన ఆ దినములలో అబర్డీన్ విశ్వవిద్యాలయములో చదివి, 1903లో పట్టభద్రురాలైంది. అదే సంవత్సరము జార్జ్ కెర్‌ను వివాహమాడింది. ఆయన మతబోధకుడు; అంతకు ముందు వడ్రంగము చేసినవాడు. వెస్లియన్ మెథడిస్టు మిషన్ పక్షమున ఆ దంపతులు 1907లో నిజాం రాజ్యమునకు వచ్చారు. నిజామాబాద్ ప్రాంతములో పని ప్రారంభించిన డాక్టరమ్మకు అన్ని జబ్బుల వారూ కనబడ్డారు గాని, కుష్ఠురోగులను చేర్చుకొనే చోటు మాత్రము కనబడలేదు. వారు ఊరి వెలుపల, రహదారుల ప్రక్కన, అయినవారు విసిరిన అన్నముతో కాలము గడిపేవారు. వ్యాధి కారక క్రిమిని నార్వే దేశపు హాన్సెన్ 1873లోనే కనుగొన్నాడు. అయినను అది పూర్వజన్మ పాపమనియు, దైవశాపమనియు తలచేవారు మన దేశములోనే కాదు, ఐరోపాలోనూ కొదవలేదు.

కెర్ దంపతులు మొదట చిన్నపాటి వసతితో రోగులను చేర్చుకోసాగారు. చోటు చాలలేదు. అప్పుడు వారికి అండగా నిలిచినవాడు క్రైస్తవుడు కాదు. నిజామాబాద్ ప్రాంతపు హిందూ దాత రాజా నర్సాగౌడ్ భారీ విరాళమిచ్చి ఆసుపత్రి నిర్మాణమునకు పూనుకున్నారు. 1915లో డిచ్‌పల్లిలో విక్టోరియా ఆసుపత్రి వెలసినది. హిందువు ధనము, ముస్లిము ప్రభువు ఏలుబడి, క్రైస్తవుల శ్రమ ఒకే ఆవరణలో కలిశాయి. మతముల మధ్య గోడలు కట్టేవారికి ఈ సంగతి చెప్పినా రుచించదు. పిల్లలకు మాత్రము తప్పక చెప్పవలసినది.

ఇక్కడ జార్జ్ కెర్ వడ్రంగము అక్కరకు వచ్చినది. నిర్మాణ వ్యవహారములన్నీ ఆయన చూసుకున్నాడు. వైద్యమునకు గోడ, కప్పు, మంచము, తలుపు కావాలి. ఆదివారము బోధించిన మనిషి సోమవారము ఉలి పట్టడము ఆనాటి మిషనరీలందరికీ నచ్చిన సంగతి అని అనుకోలేము. కాని తమ గురువు వడ్లవాడని ప్రకటించేవారికి ఉలి చిన్నతనము కానేరదు.

ఇక మందు. అంతవరకు ఆ జబ్బుకు నమ్మదగిన చికిత్స లేదు. చాల్‌మోగ్రా జాతి గింజల నూనెను మన వైద్యులు పూర్వము నుండి ఎరుగుదురు; అయితే కడుపులోకి పుచ్చుకొంటే వాంతి అయ్యేది. కలకత్తాలో లియొనార్డ్ రోజర్స్, ఎర్నెస్ట్ మూయిర్ మొదలగు వైద్యులు ఆ జాతిదే అయిన హిడ్నోకార్పస్ నూనెను, దాని నుండి తీసిన ద్రవ్యములను సూదిమందుగా ఇచ్చే పద్ధతులను వృద్ధి చేశారు. 1920ల తొలినాళ్లలో ఆ పద్ధతి డిచ్‌పల్లికి వచ్చినది. చెప్పడానికి ఒక్క వాక్యము, చేయడానికి ఏండ్లు. చిక్కని నూనె, నొప్పి పెట్టే సూది, మరల మరల అదే పని. ఎవరూ తాకని మనిషి చర్మమును పట్టి, మచ్చలు వెదకి, సూది వేసి, పుండు కడిగి, కట్టు కట్టి, మరునాడు మరల కట్టు విప్పాలి. కనికరమంటే కంట తడి పెట్టడమని తలచేవారు డిచ్‌పల్లిలో ఒక్క వారము నిలిచి ఉండేవారు కారు. 1923లో ప్రభుత్వము ఆ దంపతులకు కైసర్-ఇ-హింద్ పతకమిచ్చినది. 1930ల ఆరంభములో డాక్టరమ్మ మరణించేనాటికి ఆసుపత్రి పెద్ద సంస్థగా ఎదిగినది.

నూనె మందు అందరినీ బాగు చేయలేదు. వ్యాధి ముదరక ముందు వచ్చినవారికి ఎక్కువ మేలు కలిగేది, ముదిరినవారికి తక్కువ. దానికన్న గట్టి మందులు 1940లలో గాని రాలేదు. మూయిర్ వంటి వైద్యులు సూదిమందుతో పాటు మంచి తిండి, శరీర శ్రమ, ఇతర రోగముల చికిత్స తప్పనిసరి అని బోధించారు. అందుచేత ఆ కాలపు ఆశ్రమములలో తోటపని, సేద్యము కూడ చికిత్సలో భాగములైనవి. మూల కూర్చున్న రోగి చేతికి పార ఇవ్వడములో ఒక మర్మము కలదు. అన్నము పెట్టినవాడు దయ చూపుతాడు. పని ఇచ్చినవాడు ‘నీతో అవసరము ఉన్నది’ అని చెబుతాడు.

ఈ మర్మమును మరింత లోతుగా గ్రహించినవాడు తమిళనాడులోని వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో పనిచేసిన డాక్టర్ పాల్ బ్రాండ్. ఆయన 1914లో కొల్లిమలలో మిషనరీ దంపతులకు పుట్టి, వైద్యము చదవక ముందు భవన నిర్మాణ పనులు నేర్చినవాడు. కుష్ఠు వలన వేళ్లు వాటంతటవే రాలిపోతాయని అందరూ నమ్మే కాలములో ఆయన రోగుల చేతులను శ్రద్ధగా పరిశీలించాడు. స్పర్శ పోయినందున నొప్పి తెలియక కాలడము, కోసుకోవడము, నలగడము జరిగి, ఆ గాయములు పుండ్లై వేళ్లు పోతున్నాయని నిరూపించాడు. సాంచె దగ్గర పనిచేసేవారికి ఈ మాట వెంటనే అర్థమవుతుంది. తెగిన పోగును కన్ను కంటె ముందు వేలి కొన పట్టుకొంటుంది. ఆ వేలి కొన మొద్దుబారితే కార్మికుడు పోగును, వేలిని రెండింటినీ పోగొట్టుకొంటాడు. బ్రాండ్ ముడుచుకొనిపోయిన చేతులకు శస్త్రచికిత్స చేసి వేళ్లు చాపించాడు. అయితే బాగుపడిన చేతులతో బయటకు పోయినవారికి ఎవరూ పని ఇవ్వలేదు. అందుకని 1951లో అక్కడ నవజీవ నిలయము నెలకొల్పి వడ్రంగము మొదలగు పనులు నేర్పారు. డిచ్‌పల్లిలో మాదిరిగానే వేలూరులోను ఉలి మరల ప్రత్యక్షమైనది! మహారాష్ట్రలోనే వరోరా వద్ద బాబా ఆమ్టే నెలకొల్పిన ఆనందవనమూ ఈ దారినే నడిచినది. ఆయన క్రైస్తవ ప్రచారకుడు కాడు. ఈ దారి ఏ ఒక్కరి సొత్తూ కాదు.

ఇక్కడ ఒక సందేహము తీర్చుకోవాలి. ఇది సేవయా, మతములో కలుపుకొనడానికి వేసిన వలయా అని అడిగేవారు ఉన్నారు. ప్రశ్న న్యాయమైనదే. మిషనరీలు బోధించడానికే వచ్చారు. దానిని వారు దాచలేదు. పైగా పరప్రభుత్వ నీడలో వచ్చారు. అయితే ఆకలిని, రోగమును మతమునకు ఎరగా వాడరాదని వారిలో కొందరు తమంతట తామే హద్దు గీసుకొన్నారు. 1876-78 నాటి మహాకరవులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో సుమారు మూడున్నర మైళ్ల త్రవ్వకమును కాంట్రాక్టుగా తీసుకొని, కరవు బాధితులకు ఉచిత గంజి బదులు కూలి ఇచ్చాడు. సర్వే పని ముందే ఎరిగినవాడు కనుక ఆ పని చేయగలిగాడు. బాప్తిస్మము కోరి జనము వచ్చినా, తిండి కొరకు వచ్చినవారెవరో, నమ్మి వచ్చినవారెవరో తెలియదని కరవు కాలమంతా ఇవ్వలేదు. కూలి పనులు ఆగిన తరువాత 1878లో గాని ఇవ్వనారంభించలేదు. అప్పుడు వేలమంది వచ్చారు. జూలై 3వ తేదీన ఒక్కనాడే 2,222 మంది. ఆ సంఖ్యను గొప్పగా చెప్పుకొనేవారు చాలమంది. దానికి ముందటి నిరీక్షణను గూర్చి చెప్పేవారు తక్కువ. గౌరవింపదగినది ఆ నిరీక్షణయే.

ఇప్పుడు కామత్‌ఘర్ సంగతి. కుష్ఠువ్యాధి పాత కథ అని తలచరాదు. అనేక మందులు కలిపి ఇచ్చే చికిత్సను ప్రపంచ ఆరోగ్య సంస్థ 1981లో సూచించినది. 2005 డిసెంబరు నాటికి దేశములో వ్యాధి పదివేల జనాభాకు ఒక్కరికన్న తక్కువకు దిగినది. 1898 నాటి కుష్ఠురోగుల చట్టము 2016లో రద్దయినది. కుష్ఠును విడాకులకు కారణముగా చూపే నిబంధనలు 2019లో తొలగినవి. చట్టములోని అంటు పోయినది. మనసులోని అంటు పోయినదా? పన్నెండు గంటల పాళీలు, ఒకే గదిలో పగటివారు లేచిన చాప మీద రాత్రివారు పడుకొనే నివాసము, భిస్సీలో ప్రక్కప్రక్కన కూర్చుండి భోజనము — ఇటువంటి చోట ఒక కార్మికుని మోచేతి మీద పాలిపోయిన మచ్చ కనబడితే అతడు ఏమి చేస్తాడు? పొడుగు చేతుల చొక్కా తొడుగుతాడు. సేటుకు తెలిస్తే సాంచె పోతుంది, భిస్సీలో తెలిస్తే కంచము పోతుంది, ఊరిలో తెలిస్తే చెల్లెలి సంబంధము పోతుంది. అందుకని దాస్తాడు. దాచిన నెలలలోనే నరము చెడుతుంది. మందు అటు తరువాత క్రిమిని చంపగలదు గాని, పోయిన స్పర్శను తిరిగి తెస్తుందన్న భరోసా లేదు. అతనికి కీడు చేసేది క్రిమి కన్న ఆ చొక్కాయే.

ఆ చొక్కా మడత విప్పించగలవారు వైద్యులు కారు. ప్రక్క సాంచె మీది స్నేహితుడు, కండెలు చుట్టే వదినె, భిస్సీ నడిపే అమ్మ, తరగతిలో పిల్లవాని చేయి చూసిన పంతులమ్మ విప్పించగలరు. వారు అడగవలసిన ప్రశ్న చిన్నది: ‘మచ్చ మీద దూది తాకితే తెలుస్తున్నదా?’ తెలియడము లేదంటే ప్రభుత్వ ఆరోగ్య కేంద్రమునకు వెంట తీసుకొని పోవాలి. ఒంటరిగా పొమ్మంటే పోడు. మందు ఉచితము. వ్యాధి రకమును బట్టి 6 నెలలు గాని, 12 నెలలు గాని వాడాలి. మందు మొదలైన కొద్ది కాలములోనే ఇతరులకు సోకే గుణము పోతుంది. అతని కంచము వేరు చేయనక్కరలేదు. చాప వేరు చేయనక్కరలేదు. సాంచె ఒక్క పాళీ కూడ మాన్పించనక్కరలేదు.