చార్లెస్టన్ నుండి కోఠీ వఱకు: ఒక వంశవృక్షము
(పెద్దేముల్ గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)

  

ఒక గ్రామమున ఇరువదియైదు సంవత్సరములు గ్రంథాలయము నిలుచుట సామాన్యమైన విషయము కాదు. చందా కట్టినవారు, పుస్తకము తీసికొనిపోయి మరల భద్రముగా తెచ్చి యిచ్చినవారు, ప్రతిదినము తలుపు తీసి దీపము పెట్టినవారు, వీరందఱి పుణ్యమున ఈ దినము ప్రాప్తించినది. ఇట్టి సభలలో గ్రంథాలయ మహిమను కీర్తించుట వాడుక. నేను ఆ పని చేయక ఒక కుటుంబము కథ చెప్పదలచితిని. కాగితము నిలిచిన చోట వంశమెట్లు నిలుచునో, కాగితము లేని చోట అది యెట్లు తెగిపోవునో ఆ కథ వలన మనకు తెలియును.

హైదరాబాదునకు పోయి కోఠీలో దిగినవారు అచ్చటి మహిళా కళాశాల భవనమును చూచియే యుందురు. ఎత్తైన స్తంభములు, విశాలమైన మెట్లు, మెట్ల కిరుప్రక్కల సింహములు గల ఆ భవనము ఒకనాడు ఇంగ్లీషు రెసిడెంటు నివాసము. ఆ పేటకు కోఠీ యను పేరు దాని వలననే కలిగినది. నేడు అది వీరనారి చాకలి ఐలమ్మ పేర మహిళా విశ్వవిద్యాలయమై యున్నది. దానిని కట్టించిన జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ 1798 నుండి 1805 వఱకు నిజాము దర్బారున రెసిడెంటుగా నుండెను. ఇతని వంశమూలము వెదకుచు పోయినచో మనము చేరునది ఇంగ్లాండు మాత్రమే కాదు, అమెరికా.

ఆ వంశమున మనకు కావలసిన మొదటి తరమువాడు జేమ్స్ కిల్పాట్రిక్ అను వైద్యుడు. అమెరికా యింకను స్వతంత్ర దేశము కాని కాలమది; ఆ దేశపు స్వాతంత్ర్య ప్రకటన 1776లో గాని వెలువడలేదు. అట్లాంటిక్ సముద్ర తీరమున ఇంగ్లీషువారి వలస రాజ్యములుండెడివి. వానిలో దక్షిణ కరోలినా యొకటి. దాని రేవు పట్టణము చార్లెస్టన్. ఈ వైద్యుడు సముద్రము దాటి పోయి అచ్చట స్థిరపడెను. 1738లో ఆ పట్టణమున మశూచికము విజృంభించెను. మన పెద్దలు అమ్మవారు పోసినదని చెప్పుకొను వ్యాధియే యది. రోగి పొక్కులలోని రసమును కొంచెము తీసి, ఆరోగ్యవంతుని చర్మమున గాటు పెట్టి యెక్కించి, తేలికగా వ్యాధి వచ్చి పోవునట్లు చేయు పద్ధతిని ఇతడు అచ్చట ప్రచారము చేసెను. జెన్నర్ 1796లో గోమశూచి టీకాను ప్రయోగించుటకు ఇది యేబదియెనిమిదేండ్లకు ముందటి మాట. పిమ్మట ఇతడు లండను చేరి, ఇంటిపేరును కిర్క్‌పాట్రిక్ అని మార్చుకొని, 1754లో ఆ పద్ధతిని గూర్చి యొక గ్రంథము ప్రకటించెను.

రెండవ తరము ఇతని కుమారుడు, 1729లో కరోలినాలో జన్మించిన మఱియొక జేమ్స్. ఇతడు ఈస్టిండియా కంపెనీ కొలువులో చేరి, మద్రాసు సైన్యమున కర్నల్ అయ్యెను. రూపవంతుడగుటచే ఇతనిని 'అందగాడైన కర్నల్' అని పిలిచెడివారు. 1818 వఱకు జీవించెను.

మూడవ తరమున ఇతని కొడుకులలో ఇద్దఱు హైదరాబాదు చరిత్రలోనికి వచ్చిరి. విలియం 1754లో వివాహ సంబంధము లేకుండ పుట్టినవాడు. జేమ్స్ అకిలీస్ 1764లో మద్రాసులో పుట్టినవాడు. రెండేండ్లు నిండు నప్పటికే తల్లిని కోల్పోయెను. మొదట విలియం హైదరాబాదున రెసిడెంటు కాగా, అతని వెనుక తమ్ముడు ఆ పదవికి వచ్చెను. ఈ తమ్ముని కాలముననే 1798 సంధి జరిగెను. నిజాము కొలువులోని ఫ్రెంచి నాయకుల దళములు రద్దయ్యెను. 1800 సంధితో దత్తమండలములు, అనగా నేటి రాయలసీమ ప్రాంతములు, కంపెనీ వశమయ్యెను. కావున ఇతని ప్రేమకథను చెప్పుకొనునప్పుడు ఇతని చేతి సంతకముతో మన నేల యెంత చేజారినదో మఱువరాదు.

ఆ ప్రేమకథ యిది. నిజాము ప్రభుత్వమున సైన్యపు బక్షీగా నుండిన బాకర్ అలీఖాన్‌కు షరఫున్నిసా యను కుమార్తె కలదు. ఆమె కూతురు ఖైరున్నిసా. జేమ్స్ ఇస్లాం స్వీకరించి, 1800-01 ప్రాంతమున ఆమెను వివాహమాడెను. వీరికి 1801లో కుమారుడు, 1802లో కుమార్తె కలిగిరి. కొడుకు పేరు మీర్ గులాం అలీ సాహెబ్ ఆలం, కూతురి పేరు నూరున్నిసా సాహెబ్ బేగం. ఇది నాలుగవ తరము.

1805లో తండ్రి యీ పిల్లలను చదువు నిమిత్తము మద్రాసు నుండి ఓడ యెక్కించి, ఇంగ్లాండులోని తాత యింటికి పంపెను. ప్రయాణమునకు ముందు మద్రాసులో జార్జి చినరీ యను చిత్రకారుడు వారి పటము వ్రాసెను. మొగలాయి దుస్తులు ధరించిన ఇద్దఱు పసివారు అందున్నారు. ఆ యేడే అక్టోబరు 15వ తేదీన తండ్రి కలకత్తాలో మరణించెను. తల్లి బిడ్డలను మరల చూడలేదు. ఆమె కొంతకాలము మచిలీపట్టణమున ప్రవాసముగా గడిపి, హైదరాబాదు చేరి, 1813లో ఇరువదియేడేండ్ల ప్రాయమున కన్నుమూసెను.

ఇంగ్లాండు చేరిన పిల్లలకు 1806లో చర్చిలో జ్ఞానస్నానము చేయించిరి. సాహెబ్ ఆలం విలియం జార్జి యయ్యెను. సాహెబ్ బేగం కేథరిన్ అరోరా యయ్యెను. ఆమెను కిట్టీ యని పిలిచిరి. అన్న 1828లో చిన్న వయస్సుననే చనిపోయెను. కిట్టీ 1829లో ఫిలిప్స్ అను సైనికాధికారిని పెండ్లాడెను. ఆమెకు ఏడుగురు సంతానము కలుగగా నలుగురు బ్రతికిరి. ఇది ఐదవ తరము. ఆమె 1889లో ఇంగ్లాండు దక్షిణ తీరమున టార్కీ పట్టణమున మరణించెను. ప్రసిద్ధ రచయిత థామస్ కార్లైల్ యౌవనమున ఆమెను ఎఱిగినవాడు. అతని గ్రంథమందలి ఒక నాయికకు ఈమెయే మూలమని సాహిత్యజ్ఞులలో పలువురు తలంచుదురు.

ఇక విచారింపవలసిన విషయమునకు వచ్చెదను. ఈ తీగె మూడు చోట్ల తెగుట కవకాశము కలదు.

మొదటిది ఇంటిపేరు. కరోలినాలో కిల్పాట్రిక్, లండనులో కిర్క్‌పాట్రిక్. ఈ మార్పు నెఱుగనివాడు చార్లెస్టన్ కాగితములను వెదకి, ఆ వంశమే యచ్చట లేదని వెనుదిరుగును. మనలోను వలసపోయిన కుటుంబములకు క్రొత్త ఊరి పేరే ఇంటిపేరుగా స్థిరపడుట కలదు గదా!

రెండవది ఒకే పేరు మరల మరల వచ్చుట. తాత జేమ్స్, తండ్రి జేమ్స్, కొడుకు జేమ్స్ అకిలీస్. పెదతండ్రి విలియం, మేనల్లుడు కాదు, తమ్ముని కొడుకు విలియం జార్జి. తాత పేరు మనుమనికి పెట్టు ఆచారము గల మనకు ఈ చిక్కు క్రొత్తది కాదు. పేరు ప్రక్క సంవత్సరమును, ఊరును, వృత్తిని వ్రాసినప్పుడే ఒకరి నుండి యొకరు వేఱుపడుదురు.

మూడవది యన్నిటికంటె కఠినమైన ముడి. అది తల్లి. చర్చి పుస్తకమున పిల్లల పేర్లు మారినవి. వారి భాష మారినది, మతము మారినది, వేషము మారినది. తండ్రివైపు తీగె యంతయు అధికారుల ఉత్తరములలోను, వీలునామాలలోను, సైన్యపు పట్టికలలోను పదిలముగా నున్నది. తల్లివైపు తీగెను నిలిపినది యెవరు? అమ్మమ్మ.

1841లో కిట్టీ హైదరాబాదులోని అమ్మమ్మ షరఫున్నిసాకు ఉత్తరము వ్రాసెను. ఓడ యెక్కి అప్పటికి ముప్పదియాఱేండ్లు గడచినవి. అమ్మమ్మకు ఇంగ్లీషు రాదు. మనుమరాలికి ఫార్సీ రాదు. అమ్మమ్మ చెప్పుచుండగా లేఖకుడు ఫార్సీలో వ్రాసెను. ఉత్తరములను రెసిడెన్సీలోని యొక యధికారి చేరవేసెను. ఆ ముదుసలి 1847లో మరణించు వఱకు ఆఱేండ్లపాటు ఈ లేఖలు నడచినవి. ఒకరినొకరు మరల చూచుకొన్నది లేదు. అయినను ఆ కొలది కాగితముల వలన ఖైరున్నిసా యను పేరు ఇంగ్లాండులోని మనుమల వఱకు చేరినది. చినరీ పటము సహితము అట్టి సాక్ష్యమే. అది రెసిడెన్సీలో తండ్రి క్రింద పనిచేసిన హెన్రీ రస్సెల్ వద్ద ఉండిపోయి, 1852లో అతడు మరణింపగా వీలునామా వలన కిట్టీకి చేరెను. పిమ్మట చేతులు మారినది.

1893లో విలియం కిర్క్‌పాట్రిక్ దౌహిత్రుడు సర్ ఎడ్వర్డ్ స్ట్రాచీ యొక మాసపత్రికలో ఈ వివాహ వృత్తాంతమును ప్రకటించెను. నూఱేండ్లు దాటిన తరువాత విలియం డాల్రింపుల్ అను చరిత్రకారుడు లండనులోని కంపెనీ దస్త్రములను పరిశీలించి, 2002లో దీనిపై పెద్ద గ్రంథము వ్రాసెను. ఇంగ్లీషు దస్త్రములు చెప్పని సంగతులు కొన్ని ఖైరున్నిసా బంధువైన అబ్దుల్ లతీఫ్ షూస్తరీ ఫార్సీలో వ్రాసిన గ్రంథమున దొరకినవి. ఆ ప్రతి అతనికి లభించినది ఏ రాజప్రాసాదమునను కాదు. హైదరాబాదు పాతబస్తీలో ఒక పాత పుస్తకముల దుకాణమున. ఎవరో ఒకరు పారవేయక దాచినందున అది మిగిలినది.

అయితే ఈ కథయందే మఱియొక మౌనము కలదు. ఆ కాలమున దక్షిణ కరోలినా ఐశ్వర్యమునకు మూలము వరిపొలములు; వానిలో చెమటోడ్చినవారు ఆఫ్రికా నుండి బంధించి తెచ్చిన బానిసలు. యజమాని ఆస్తి పట్టికలో పశువుల ప్రక్కన వారి పేర్లు, ఒంటి పేర్లు మాత్రమే, వ్రాసెడివారు. దొరల వంశమునకు ఐదు తరముల వృక్షము దొరకుచుండగా వారి మనుమలు నేటికిని తాతల పేర్ల కొఱకు వెదకుచున్నారు. వంశము లేనివారు లోకమున లేరు. వ్రాత లేనివారే కలరు.

మన సంగతి యేమి? రెడ్ల గోత్రములను, వంశములను పాడుటకు పిచ్చుకుంట్లవారుండిరి. సరిహద్దున కావల కర్ణాటకమున హెళవరు తరతరముల పేర్ల పుస్తకములు పట్టుకొని యిల్లిల్లు తిరిగెడివారు. భూమి గలవారి పేర్లు పహాణీలలో నెక్కినవి. 1954-55 ఖాస్రా పహాణీ నేటికిని భూమి తగవులలో పెద్ద సాక్షి. నిజాము కాలపు పత్రములు అనేకము ఉర్దూలో నున్నవి; చదువగల పెద్దలు నానాటికి తగ్గుచున్నారు. 1956 వఱకు మన తాండూరు ప్రాంతము గుల్బర్గా జిల్లాలో నుండెను. 1978లో రంగారెడ్డి జిల్లా యేర్పడెను. 2016లో వికారాబాదు జిల్లా యేర్పడెను. ఇల్లు కదలకున్నను జిల్లా పేరు పలుమార్లు మారినది. ఎచ్చట వెదకవలెనో తెలియనివానికి దొరకవలసినది సహితము దొరకదు.

మఱి భూమి లేనివారో? వెట్టి చేసినవాని పేరు ఏ పహాణీలో నున్నది? రాతి గనిలో షాబాదు బండలు తీసి తీసి చనిపోయినవాని తండ్రి పేరు ఎవరు వ్రాసిరి? వేఱొక యూరికి కోడలై పోయిన ఆడుబిడ్డ పేరు పుట్టినింటి కాగితముననైనను నిలుచుచున్నదా? చాకలి ఐలమ్మ తన భూమికై నిలిచి పోరాడినందున ఆమె పేరు నేడు కోఠీ భవనము మీద వెలసినది. పోరాడియు పేరు మిగులని ఐలమ్మలు ప్రతి గ్రామమున కలరు.

కావున ఈ రజతోత్సవ సందర్భమున నేనొక చిన్న పని సూచించుచున్నాను. గ్రంథాలయమున ఊరి కొఱకొక పెద్ద పుస్తకము తెఱువుడు. ఇంటికి నాలుగు పుటలు చాలును. తనతో మొదలుపెట్టి వెనుకకు పోవలెను: తల్లి, తండ్రి, వారి తల్లిదండ్రులు. కొడుకుల వలెనే కూతుండ్ర పేర్లును, వారు మెట్టిన ఊళ్ళును వ్రాయవలెను. పుట్టిన యేడు తెలియనిచో, 1908 మూసీ వరదకు ముందో వెనుకనో, 1948 పోలీసు చర్యనాటికి ఎంత వయస్సో అడిగి వ్రాయవలెను. ఎవరు చెప్పగా వ్రాసితిమో ఆ పేరును, తేదీని క్రింద చేర్చవలెను. వినికిడి మాటను వినికిడియనియు, పత్రమున చూచినదానిని పత్రమనియు వేఱుగా గుర్తింపవలెను. పాఠశాల ప్రవేశ పట్టిక, పెండ్లి శుభలేఖ, భూమి పత్రము, పాత ఛాయాచిత్రము, ఇవన్నియు సాక్షులే. గొప్పల కొఱకు లేని రాజులను మూలపురుషులుగా కల్పింపకుడు. నిజమైన కూలివాని పేరు కల్పితమైన రాజు పేరుకంటె విలువైనది.

ఈ పని కులములను ఎక్కువ తక్కువలు చేయుటకు కాదు. పైకి నాలుగు తరములు పోయి చూచినచో వలస రాని యిల్లు, కష్టము పడని యిల్లు, ఒకరి సాయము పొందని యిల్లు కనబడదు. అది తెలిసిన ఊరిలో గర్వము కొంత తగ్గును, ఆదరము కొంత పెరుగును.

మొదట మీ యింటిలోని అమ్మమ్మను, నాయనమ్మను అడుగుడు. కాగితములకంటె ముందు పోవునది వారి జ్ఞాపకము. ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవము జరుపుకొను నాటికి ఆ పుస్తకము నిండి, ఈ బల్లలపైననే మన పిల్లలు దానిని చదువుకొందురు గాక!