మాత్ర మానేశాక

డిప్రెషన్‌కు, ఆందోళనకు వాడే మాత్రల గురించి మన ఊళ్లలో రెండు మాటలు బాగా వినిపిస్తాయి. మొదలుపెడితే జన్మలో వదలవని కొందరంటారు. తగ్గాక ఏ రోజైనా మానేయవచ్చు, ఏమీ కాదని మరికొందరంటారు. ఈ రెండు మాటలూ జనానికి చెరుపు చేశాయి. నిజానికి చాలామంది పెద్ద ఇబ్బంది లేకుండానే ఈ మందులు మానగలుగుతారు. కొందరికి మాత్రం మానేశాక వారాలు, నెలలు, అరుదుగా ఏళ్లు కూడా బాధలు మిగిలిపోతాయి. ఆ కొందరు వచ్చి చెప్పుకున్నదాన్ని మా వైద్యం చాలాకాలం పాత జబ్బు ఖాతాలోనే రాసేసింది. ఆ రాత తప్పని, దానివల్ల నష్టపోయింది రోగులేనని ఈ సాయంత్రం మీకు చెప్పాలనుకుంటున్నాను.

ఇది కొత్తగా బయటపడ్డ సంగతి కాదు. స్విట్జర్లాండ్‌లో రోలండ్ కూన్ అనే వైద్యుడు ఇమిప్రమీన్ అనే మందు డిప్రెషన్‌కు పనిచేస్తుందని 1957లో ప్రకటించారు. దాన్ని ఉన్నట్టుండి ఆపితే రోగులు ఇబ్బంది పడుతున్నారని 1959 నాటికే వైద్య పత్రికల్లో వచ్చింది. 1987 చివర్లో అమెరికాలో ఫ్లూఆక్సెటిన్ అనే డిప్రెషన్ మందుకు అనుమతి వచ్చాక ఆ తరహా మందులు ప్రపంచమంతా పాకాయి. అయితే వాటిని అనుమతి కోసం పరీక్షించింది ఎక్కువగా ఎనిమిది, పన్నెండు వారాల పాటే. జనం వాడింది ఏళ్ల తరబడి. రెండు నెలలు వాడి మానిన మనిషిని చూసి, పదేళ్లు వాడిన మనిషికి ఏమవుతుందో చెప్పడం ఎలా కుదురుతుంది? అయినా చెప్పారు. 2009 నాటి బ్రిటన్ మార్గదర్శకాల ప్రకారం ఈ బాధలు మామూలుగా స్వల్పమే, వారంలో వాటంతటవే సర్దుకుంటాయి. రోగుల అనుభవాలు, కొత్త పరిశోధనలు పోగయ్యాక 2019లో ఆ వాక్యాన్ని మార్చుకోక తప్పలేదు. కొందరికి ఇవి తీవ్రంగా, ఎక్కువకాలం ఉండవచ్చని ఇప్పుడు అక్కడే రాసుకున్నారు.

మానేశాక వచ్చినది పాత జబ్బే కాదని ఎలా చెప్పగలం? ఇది న్యాయమైన ప్రశ్న. జబ్బు తిరగబెట్టడం నిజంగానే ఉంది. బ్రిటన్‌లో దీర్ఘకాలం మందు వాడి, బాగున్నవాళ్ల మీద జరిగిన ఒక పెద్ద పరీక్ష ఫలితాలు 2021లో వచ్చాయి. ఏడాదిలో జబ్బు తిరగబెట్టింది మందు కొనసాగించినవాళ్లలో 39 శాతం మందికి, ఆపినవాళ్లలో 56 శాతం మందికి. కాబట్టి ఈ మందులు పనికిరావని నేననను. కానీ రెండింటికీ తేడా పట్టుకోవచ్చు. తిరగబెట్టే జబ్బు సాధారణంగా కొన్ని వారాలకో నెలలకో మెల్లగా కమ్ముకుంటుంది. మందు ఆపిన బాధ చాలాసార్లు రోజుల్లోనే మొదలవుతుంది. కళ్లు పక్కకు తిప్పితే తలలో కరెంటు కొట్టినట్టు చటుక్కున ఒక జర్క్ వస్తుంది. నిలబడితే పడవలో ఉన్నట్టు తూలు, రాత్రి ఒళ్లు తడిసేలా చెమట, ఉలిక్కిపడి లేచేలా చేసే కలలు. తలలో కరెంటు కొట్టడం డిప్రెషన్ లక్షణం కాదు. పైగా మళ్లీ మాత్ర వేసుకుంటే ఒకటి రెండు రోజుల్లోనే ఇవి తగ్గుతాయి. డిప్రెషన్‌కు మందు పట్టాలంటే వారాలు కావాలి. ఈ తేడా అడిగి తెలుసుకోకుండా, ‘చూశారా, జబ్బు మళ్లీ వచ్చింది’ అని అదే చీటీ మళ్లీ రాస్తే, ఆ మనిషి అక్కర్లేని మందును ఏళ్లపాటు మోస్తూనే ఉంటాడు.

ఇక మానే పద్ధతి సంగతి. పూర్తి మాత్ర, తర్వాత సగం, తర్వాత పావు, ఆపైన ఆపేయడం. చూడటానికి ఇంతకంటే పద్ధతైనది లేదనిపిస్తుంది. కానీ మెదడులో లెక్క వేరు. సిటాలోప్రామ్ మందునే తీసుకోండి. 20 మిల్లీగ్రాములు వేసుకుంటే, సెరటోనిన్ అనే మెదడు రసాయనాన్ని తిరిగి కణాల లోపలికి లాక్కునే ద్వారాల్లో దాదాపు 80 శాతం మూసుకుంటాయి. 10కి దించితే ఇంకా 70 శాతం దాకా మూసే ఉంటాయి. 5 దగ్గర కూడా 60 శాతం దరిదాపుల్లోనే. అంటే 20 నుంచి 5కు వచ్చినా తగ్గింది 20 శాతమే. ఆ చివరి పావు ముక్క ఆపేసిన రోజు ఒక్కసారిగా 60 శాతం ఊడిపోతుంది. దిగుడుబావిలో పై మెట్లన్నీ జానెడేసి ఉండి, అట్టడుగు మెట్టు నిలువెత్తు ఉన్నట్టన్నమాట. మార్క్ హోరోవిట్జ్, డేవిడ్ టేలర్ అనే పరిశోధకులు ఈ లెక్కను 2019లో వివరించి, డోసు తగ్గేకొద్దీ దించే ముక్క ఇంకా చిన్నది కావాలని వాదించారు. నా దృష్టిలో ఈ చర్చ మొత్తంలో రోగికి ఎక్కువగా పనికొచ్చే మాట ఇదే. రోజు విడిచి రోజు వేసుకోమనే సలహా కూడా దీనికి విరుద్ధమే. పెరాక్సిటిన్ లాంటి మందు ఒక్క రోజులోనే రక్తంలో సగానికి పడిపోతుంది. రోజు విడిచి రోజు అంటే ఆ మనిషిని రోజూ ఎక్కించి దించడమే.

నిదానంగా దించినా కొందరికి పోని బాధ ఒకటుంది. అది లైంగికమైనది. మందు వాడేటప్పుడు కోరిక తగ్గడం అందరికీ తెలిసిందే. మానేశాక కూడా అది తిరిగి రాకపోవడం, జననాంగాల్లో స్పర్శ మొద్దుబారిపోవడం గురించి 2006 నుంచి వైద్య పత్రికల్లో వస్తోంది. డిప్రెషన్ వల్ల కోరిక పోతుంది గానీ స్పర్శ ఇలా మొద్దుబారడం దాని లక్షణం కాదు. 2019లో యూరప్ మందుల నియంత్రణ సంస్థ, 2021లో కెనడా ఆరోగ్య శాఖ ఈ హెచ్చరికను మందు సమాచారంలో చేర్చాలన్నాయి. కారణం ఇంకా తేలలేదు, నిలకడైన చికిత్సా లేదు. మన దగ్గర భార్య భర్తకు, భర్త భార్యకు చెప్పుకోలేని మాట ఇది. డాక్టరు తానుగా అడగకపోతే ఎప్పటికీ బయటికి రాదు.

ఇదంతా బాగా కొద్దిమందికే కదా, పెద్దది చేస్తున్నారనే అభ్యంతరం ఉంది. 2024లో అనేక అధ్యయనాలను కలిపి చూస్తే, మందు ఆపినవాళ్లలో 31 శాతం మందికి, ఉత్తుత్తి మాత్ర ఆపినవాళ్లలో 17 శాతం మందికి బాధలు కనిపించాయి. అంటే కొంత భాగం భయం వల్లనో, మామూలు ఒడుదొడుకుల వల్లనో వస్తోంది. తీవ్రమైనవి సుమారు 3 శాతం. ఆ అంకెలను గౌరవిస్తాను. అయితే ఆ అధ్యయనాల్లో చాలావరకు కొద్దికాలం వాడినవాళ్ల మీదివే. పైగా కోట్లమంది వాడే మందులో 3 శాతం అంటే లక్షల కుటుంబాలు. ఇవన్నీ చెబితే జనం భయపడి మందు వేసుకోరన్నది ఇంకో అభ్యంతరం. ఆ భయం నాకూ ఉంది. అందుకే బతిమాలి చెబుతున్నాను, ఇంటికెళ్లి స్ట్రిప్ పారేయకండి. ఉన్నట్టుండి ఆపడమే అన్నిటికంటే ప్రమాదం. కానీ మందు రాసిన రోజే మానే దారి కూడా చెప్పిన డాక్టరు మీద నమ్మకం పెరుగుతుంది. మానేశాక అవస్థ పడి, ఎవరూ ముందు చెప్పలేదని తెలిసిన మనిషి ఇక ఏ డాక్టరునూ నమ్మడు.

మానేశాక బాధ పోకపోతే తేదీలు వేసి రాసుకోండి. ఏ మందు, ఎన్ని మిల్లీగ్రాములు, ఎప్పుడు దించారు, ఎన్నో రోజున ఏం మొదలైంది. ఆ కాగితంతో మీ డాక్టరు దగ్గర కూర్చోండి. మందుల దుష్ప్రభావాలను నమోదు చేసే జాతీయ కార్యక్రమం మన దేశంలో 2010 నుంచి ఉంది. ఉచిత నంబరు 1800-180-3024. డాక్టరే చెప్పాలని లేదు, మందు వాడినవాళ్లు స్వయంగా చెప్పుకోవచ్చు. యూరప్‌లో లైంగిక బాధల గురించిన ఆ హెచ్చరిక వచ్చింది కూడా అలా ఒక్కొక్కరూ చెప్పుకున్న వివరాలు పోగుపడ్డాకే.