దొంగ సంకేతమునకు దిక్కే సాక్షి

శ్రోతలారా, మీడియం వేవులో ఒక కేంద్రమును పట్టి, మీ ట్రాన్సిస్టరును మెల్లగా చుట్టు త్రిప్పి చూడుడు. ఒకచోట ధ్వని సన్నగిల్లును. లోపలి ఫెర్రైటు కడ్డీ కొన అప్పుడు ప్రసార కేంద్రము వైపునకు తిరిగియున్నదన్నమాట. పలుకు అర్థము కాకున్నను, అది వచ్చు దిక్కును ఆ కడ్డీ చెప్పును.

పాలమూరు నుండి హైదరాబాదు పోవు దారిలో, షాద్‌నగరు దాటిన పిమ్మట, 2008లో తెరచిన శంషాబాదు విమానాశ్రయము తగులును. విమానములు దారి తెలిసికొనుటకు, సుమారు 20 వేల కిలోమీటర్ల ఎత్తుననున్న ఉపగ్రహముల సంకేతములను వాడుకొనుచున్నవి. ఆ సంకేతములు నేలకు చేరునప్పటికి, గ్రాహక యంత్రములో సహజముగా పుట్టు గుసగుస కంటెను బలహీనములై యుండును. కనుక పెద్ద గోల చేసి వానిని ముంచివేయవచ్చును, ఇది జామింగు. వాని గొంతునే అనుకరించి తప్పుడు చోటు చెప్పవచ్చును, ఇది స్పూఫింగు. రెండవదే ఎక్కువ ప్రమాదకరమని మా అభిప్రాయము. గోల వినబడినవాడు జాగ్రత్తపడును, నమ్మినవాడు పడడు.

ఢిల్లీలో దిగు కొన్ని విమానములకు స్పూఫింగు ఎదురైనదని పౌర విమానయాన మంత్రి శ్రీ కింజరాపు రామ్మోహన్ నాయుడు 2025 డిసెంబరు 1న రాజ్యసభకు తెలిపిరి. ఇట్టి అంతరాయముల నివేదికలు 2023 నవంబరు నుండి హైదరాబాదుతో సహా పలు విమానాశ్రయముల నుండి వచ్చినవనియు చెప్పిరి.

మరి దొంగను పట్టుటెట్లు? దేవరకొండ వైపు జొన్నచేనిలో రాత్రి మంచెపైనున్న రైతును తలచుకొనుడు. నలుగురు కావలివాండ్రు నాలుగు గట్టుల నుండి కేకవేయవలెను. నాలుగు గొంతులును ఒకే పొద చాటునుండి వచ్చినచో? గొంతులు సరిగనే యుండవచ్చును, దిక్కు మాత్రము తప్పు!

ఏరియళ్లు రెండున్నచో యంత్రమునకును ఈ చెవి అబ్బును. ఈ అలల పొడవు 19 సెంటీమీటర్లు. ఒక్కొక్క ఉపగ్రహపు అల ఒక ఏరియలును ముందు, రెండవదానిని తరువాత తాకును. ఆ తేడా ఉపగ్రహమునకొక తీరుగా నుండును. అన్నిటికిని తేడా ఒకటేయైనచో మూలము ఒక్కటే. జామింగు సంగతియు ఇట్టిదే: రెండు ఏరియళ్ల యంత్రములలోని సహజపు గుసగుసలు ఒకదానినొకటి పోలవు, బయటి గోల మాత్రము రెంటను ఒకే రూపున కనబడును. ఏరియళ్లు మరికొన్ని యున్నచో ఆ దిక్కునకు మాత్రమే చెవిటిగా మారవచ్చును.

అయితే దొంగలు పలుచోట్ల నిలిచినను, గోడలకు తగిలి అలలు మరలివచ్చినను లెక్క చిక్కుపడును. సాంప్రదాయిక భూస్థిత మార్గదర్శక కేంద్రములను కనీసపు వలయముగా నిలుపుకొనుచున్నామని మంత్రి ఆ సమాధానముననే తెలిపిరి.