పొట్టమీద చిన్న దారి

ఇవాళ నేను చెప్పబోయేది పేరంటాల్లో ఎవరూ ఎత్తని విషయం. పదేళ్ళు వచ్చినా మలమూత్రాలు తనకు తెలియకుండానే పోతూంటే, ఆ పిల్ల బడికి ఎలా వెళ్తుంది? ఇంట్లోవాళ్ళేమో, "ఇంత పెద్దదానివయ్యావు, సిగ్గులేదూ?" అని కసురుతారు. నిద్రలో పక్క తడపడం వేరు, ఇది వేరండీ. కొందరు పిల్లలు వెన్నెముక సరిగా మూసుకోకుండా పుడతారు. దాన్ని స్పైనా బిఫిడా అంటారు. మూత్రాశయానికీ, పెద్దప్రేగు చివరికీ పోయే నరాలు అక్కడే దెబ్బతింటాయి గనుక, నిండిందన్న కబురు పిల్లకు అందదు. కసిరితే నరాలు వింటాయా? పైగా మూత్రం లోపలే నిలిచి వెనక్కి తన్నితే, మూత్రపిండాలు పాడవుతాయి.

మూత్రద్వారంలోంచి సన్నని గొట్టం పెట్టి, మూడు నాలుగు గంటలకోసారి మూత్రం తీసేసే పద్ధతిని 1972లో అమెరికాలో లాపిడెస్ అనే డాక్టరు ప్రచారంలోకి తెచ్చాడు. మంచిదే. కాని చక్రాల కుర్చీలో ఉన్న ఆడపిల్ల తనంతట తాను అలా పెట్టుకోవడం ఎంత కష్టమో ఊహించండి.

1980లో ఫ్రాన్సు దేశపు సర్జన్ మిత్రోఫనాఫ్ దీనికో ఉపాయం ప్రకటించాడు. ఎందుకూ పనికిరాదని మనం అనుకునే అపెండిక్సును, దాని రక్తనాళాలు తెగకుండా ప్రేగునుంచి విడదీసి, ఒక కొస మూత్రాశయానికీ రెండో కొస పొట్టమీది చర్మానికీ కుట్టాడు. మూత్రాశయం గోడలో కొంతదూరం దూర్చి కుట్టడంవల్ల, లోపల నిండేకొద్దీ ఆ ఒత్తిడికి దారి తనే మూసుకుంటుంది. చాలామందికి ఆ రంధ్రం బొడ్డులోనే పెడతారు, పైకి కనిపించదు. పిల్ల కూర్చున్నచోటనే గొట్టం పెట్టుకోవచ్చు.

1990లో ఇంగ్లండులో మలోన్ అనే సర్జన్ ఇదే కిటుకు ప్రేగుకు వాడాడు. ఆ దారిలోంచి నీళ్ళు పోస్తే ప్రేగును పైనుంచి కిందికి కడిగేస్తాయి. పిల్ల అరగంటో గంటో మరుగుదొడ్లో కూర్చుంటే, ఆ తర్వాత బట్టలు పాడవుతాయన్న బెంగ చాలావరకు తగ్గుతుంది.

అయితే ఇది నరాలను బాగుచేసే ఆపరేషను కాదు. గొట్టం జీవితాంతం పెట్టుకోవాలి. చర్మం దగ్గర రంధ్రం ఇరుకైపోయి మళ్ళీ చిన్న ఆపరేషను అవసరం కావచ్చు. అందుకే మందులూ, ఎనిమాలూ, మామూలు గొట్టం పద్ధతీ చూశాకే సర్జన్లు ఇటు వస్తారు. పిల్లకు ఊహ తెలిసుంటే ఆమెనూ అడగాలి, రోజూ గొట్టం పట్టుకోవాల్సింది తనే కదా!

ఇలాంటి పిల్ల మీ ఇంట్లో ఉంటే రెండు సంగతులు డాక్టరుతో ముందే చెప్పండి. వీళ్ళలో చాలామందికి రబ్బరు పడదు, చేతితొడుగులూ గొట్టాలూ రబ్బరు లేనివి వాడమనండి. ఇంకే ఆపరేషనుకైనా పొట్ట తెరిచినప్పుడు, "ఎలాగూ తెరిచాం కదా" అని అపెండిక్సు తీసేయవద్దని అడగండి.